దూర్బీన్ తాత, మా దిష్టిబొమ్మ

ముందే ఒప్పేసుకుంటున్నాను: నాకు దేన్నీ ఉన్నదున్నట్టు చెప్పడం చేతకాదు. వంటగదిలో సాలీడు కనిపిస్తే, నేను ఆఫీసుకు చేరేసరికి అది పీతంత అవుతుంది, మధ్యాహ్నం భోజనాల వేళకు దానికి కొమ్ములు మొలుస్తాయి. కాబట్టి ఇందులో వచ్చే కొలతలన్నిటినీ దయచేసి మూడుతో భాగించుకోండి. పెంచినవి చాలా ఉన్నాయి కానీ, పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర్లో నేనే చెబుతాను. అందాకా నన్ను అనుమానిస్తూనే చదవండి. ఈ కథలో అందరూ అందరినీ అనుమానించారు, మీరొక్కరే ఎందుకు మానాలి?

ఈ రోజు పొద్దున టీ మరుగుతుండగా బాల్కనీ వైపు నుంచి ఎవరో గులకరాళ్లు నమిలిన చప్పుడు వినిపించింది. ముందు సన్నగా మూడు ఈలలు, ఒక క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత కరకరమంటూ రాళ్లు నలిగిన శబ్దం, చివర మళ్లీ చిన్న ఈల. టీ పొంగి పొయ్యంతా పారింది. "ఏందయ్యా, గట్ల రాయి లెక్క నిలవడ్డవు?" అంటూ మా ఆవిడ సునంద వచ్చి స్టవ్ ఆర్పింది. మళ్లీ ఆ చప్పుడు. ఈసారి ఆమె కూడా రాయైపోయింది. ఈ చప్పుడు కోసం ఒక మనిషి వసంతం వెంట వసంతం ఎదురుచూశాడు. వినకుండానే పోయాడు. అందుకు కారణం మేము.

ఆయన పేరు హెర్ బ్రాయ్‌నిగ్, మన లెక్కలో బ్రాయ్‌నిగ్ గారు. డ్రెస్డెన్‌లో మేముండే చోట నాలుగు పాత భవనాలు చతురస్రంగా నిలబడి, మధ్యలో ఉన్న పెరడును కాపలా కాస్తున్నట్టుంటాయి. ఆ పెరడును అందరూ హోఫ్ అంటారు. అందులో ఒక బెంచీ, ఒక పియర్ చెట్టు, రంగురంగుల చెత్తడబ్బాలు. మాది మూడో అంతస్తు. సరిగ్గా ఎదురుగా, పెరడుకు అటువైపు, ఆయనదీ మూడో అంతస్తే. చిప్పులు తయారుచేసే కంపెనీలో చిప్పు మొహం ఎన్నడూ చూడని ఉద్యోగం నాది. పొద్దున్నే వెళ్లి సాయంత్రం వచ్చేవాణ్ణి. అలా రెండేళ్లపాటు ఎదురింట్లో ఒక మనిషి ఉన్నాడన్న సంగతే నాకు తెలియదు. మొదటి లాక్‌డౌన్ వచ్చి ఆఫీసును నా భోజనాల బల్ల మీదికి మార్చాకే ఆయన కనిపించాడు. కనిపించడం అంటే మామూలుగా కాదు. మార్చి నెల, ఏడూ పది, ఎదుటి బాల్కనీలో మూడుకాళ్ల స్టాండు, దాని మీద సొరకాయంత లెన్సు, దాని వెనక ఏడడుగుల మనిషి. సొరకాయ ముచ్చిక నేరుగా మా ఇంటివైపు.

"చూసినవా? మన దిక్కే వెట్టిండు," అంది సునంద తెర వెనక నుంచి.

"పిట్టల్ని తీస్తున్నడేమో."

"పిట్టలు చెట్టుమీద ఉంటయ్. చెట్టు కిందుంది. గాయన కెమెరా మీదికుంది."

కాదనలేకపోయాను. పైగా ఆయన పద్ధతి కూడా అనుమానం పెంచేదిగానే ఉంది. పది నిమిషాలు కదలకుండా నిలబడతాడు. పెరడంతా నిశ్శబ్దంగా ఉండే ఆ రోజుల్లో ఒకే ఒక్క క్లిక్కు మా దాకా వినిపిస్తుంది. అంతే, స్టాండు మడిచి లోపలికి వెళ్లిపోతాడు. ఫోన్ చేతిలో ఉంటే ఒక్క దోసెకు నలభై ఫోటోలు తీసే జాతి మనది. రోజుకు ఒక్కటే తీసే మనిషిని ఎలా నమ్మడం? అది ఫోటో కాదు, హాజరు తీసుకోవడం అని నేను తేల్చాను. నెలాఖరుకు వేసవి కాలానికని గడియారాలన్నీ గంట ముందుకు జరిపాం. మర్నాడు ఆయన ఎనిమిదీ పదికి వచ్చాడు. సునంద నన్ను మోచేత్తో పొడిచింది: "టైము మార్చిండు. మనకు దొరకొద్దని." ఆ రోజు నుంచి ఆయనకు మా ఇంట్లో దూర్బీన్ తాత అని పేరు పడింది.

మా భయానికి ఒక కారణం ఉంది. ఈ దేశంలో శాశ్వతంగా ఉండేందుకు మేము పెట్టుకున్న దరఖాస్తు అప్పటికి నగరం ఆఫీసులో ఉంది. లాక్‌డౌన్ వల్ల మా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, రద్దయింది, కొత్త తేదీ రాలేదు. ఈలోగా మా మీద చిన్న మచ్చ పడినా ఫైలు మూలకు పోతుందని వాట్సాప్‌లో ఎవరో ఎవరికో చెప్పింది మా దాకా వచ్చింది. అలాంటి రోజుల్లో మా పాప పుట్టినరోజు వచ్చింది. ఇళ్లల్లో గుమిగూడవద్దని నిషేధం. కానీ ఊరికి అటు చివరనే ఉండే మా బామ్మర్ది రవి, పెళ్లాం పిల్లల్ని వెంటేసుకుని సాయంత్రం దొంగచాటుగా దిగాడు. చీకటి పడ్డాక ఖాళీ వీధుల్లో వెళితే ఎవరి కంటైనా పడతారని అందర్నీ ఉంచేశాం. పొద్దున టీ తాగుతూ అందరం బాల్కనీలో చేరాం. నేను ఎక్కడ చెప్పినా ఆ రోజు అక్కడ పదిహేను మందిమి అంటాను. నిజానికి ఏడుగురం. ఆ బాల్కనీకి ఏడుగురే పదిహేను.

"ఏం గాదు బావా, గీ పొద్దుగాల ఎవడు చూస్తడు?" అంటూ రవి పకోడీ నోట్లో వేసుకున్నాడు.

క్లిక్.

పకోడీ రవి గొంతులో అడ్డం పడింది. తలెత్తి చూస్తే ఎదురుగా సొరకాయ. ఎనిమిదీ పది. మేము మరిచిపోయాం, ఆయన మరవలేదు.

వారం తిరక్కుండా పసుపు జాకెట్లు వేసుకున్న ఇద్దరు అధికారులు మా హోఫ్‌లోకి వచ్చారు. ఎక్కడో జనం గుమిగూడారని ఎవరో ఫిర్యాదు చేసినట్టున్నారు. వాళ్లు నేరుగా బెంచీ మీదున్న దూర్బీన్ తాత దగ్గరికి వెళ్లి మాట్లాడారు. నేను తెర వెనక, సునంద నా వెనక. మాటలు వినిపించలేదు కానీ ఆయన చెయ్యెత్తి స్పష్టంగా మా బాల్కనీని చూపించాడు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాం. నా మనసు అప్పటికే మా సామాను కట్టేసి విమానం ఎక్కించింది. వాళ్లు మాత్రం తలలూపి వెళ్లిపోయారు. మా తలుపు కొట్టలేదు. వదిలేశారని సంతోషించాలా? లేదు. "ఫోటో చేతుల వడ్డది, ఇంక మనతోని ఏం పని?" అంది సునంద.

ఆ మధ్యాహ్నమే ఆమె అటక మీది సూట్‌కేసు దింపింది. అడుగున, పట్టుచీరల కింద, వాళ్లమ్మ వరంగల్ నుంచి కట్టి పంపిన దిష్టిబొమ్మ. నల్లటి మొహం, కోడిగుడ్లంత కళ్లు, మోకాళ్ల దాకా నాలుక, గాలికి ఎగిరే మీసాలు. కొత్త ఇంటికని పంపింది. జర్మనీలో ఎవరి దిష్టి తగులుతుందిలే అని ఇన్నాళ్లూ కట్టలేదు. "అంత పెద్ద కన్ను రోజూ మన ఇంటి మీద వడుతాంది. గిది కట్టక ఏం జేస్తం?" అంది. నేను ఇంజినీరును కదా, ఊరికే ఎలా కడతాను? స్టూలెక్కి, సొరకాయ ముచ్చికకూ బొమ్మ నాలుకకూ మధ్య సరళరేఖ గీసి, కోణం లెక్కగట్టి, బాల్కనీ పైకప్పు దూలానికి సరిగ్గా ఎదురెదురుగా వేలాడదీశాను. దూలం గోడలో కలిసే సందులో ఎండుగడ్డి, నాచు కనిపించాయి. చెత్త అనుకుని చేత్తో ఊడ్చేశాను.

మర్నాడు ఎనిమిదీ పదికి ఆయన వచ్చాడు. నిలబడ్డాడు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. క్లిక్కు లేదు. మా ఇంట్లో పండగ. రెండో రోజూ లేదు. మూడో రోజు ఆయన కెమెరా వదిలేసి వట్టి కళ్లతో చాలాసేపు మావైపు చూశాడు. "మొహం చిన్నవోయింది చూడు," అని సునంద మురిసిపోయింది. ఆ వారాంతంలో నేను చెత్త పారేయడానికి దిగితే, ఆయన డబ్బాల దగ్గర నాకోసమే ఆగినట్టు నిలబడి ఉన్నాడు. మాస్కు పైన నీలం కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"క్షమించండి, మీ బాల్కనీలో ఉన్న ఆ ముఖం... అది మీ మతానికి సంబంధించినదా?"

వలలో పడకూడదనుకున్నాను. "అవును, చాలా ముఖ్యమైనది. తీస్తే అపచారం."

"ఎప్పటిదాకా ఉండాలి?"

ఈ మనిషికి ఎందుకంత ఆరా? నోటికొచ్చింది చెప్పాను. "వచ్చే మార్చిలో మా కొత్త సంవత్సరం. అందాకా."

ఆయన నెమ్మదిగా తలూపాడు. "అయితే చేసేదేమీ లేదు. మతం విషయం కదా," అని కాగితాలన్నీ నీలం డబ్బాలో వేసి వెళ్లిపోయాడు. నేను మెట్లెక్కుతూ ఈల వేశాను. ఆ ఈల గుర్తొస్తే ఇప్పటికీ మెడ వెనక వేడెక్కుతుంది.

జూన్‌లో పాప పుస్తకాల పార్సెల్ వచ్చినప్పుడు మేము ఇంట్లో లేము. పోస్టుడబ్బాలో చీటీ: మీ పార్సెల్ ఎదురింటి బ్రాయ్‌నిగ్ గారి దగ్గర ఉంది. ఈ దేశంలో పార్సెళ్లకు శత్రువులు, మిత్రులు అన్న తేడా లేదు. ఎవరు తలుపు తీస్తే వాళ్ల చేతికే. మాస్కు బిగించుకుని వెళ్లాను. ఆయన తలుపు బార్లా తెరిచి, దూరంగా జరిగి, "పార్సెల్ బల్ల మీదుంది, తీసుకోండి" అన్నాడు. బల్ల దాకా వెళ్లి పక్కకు చూశాను. గోడ పొడవునా చెక్క సొరుగులు, ఒకటి తెరిచి ఉంది. అందులో అరచేతంత ఫోటోలు అట్టలకు అంటించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ మా బాల్కనీ. ఒకటి కాదు, పదీ కాదు. మేమెవరమో తెలియని కాలం నుంచీ మా బాల్కనీ. పట్టుబడ్డావయ్యా తాతా అనుకున్నాను.

"మీరు చూడవచ్చు," అన్నాడాయన. "దూలం చివర చూడండి."

చూశాను. ప్రతి ఫోటోలోనూ, దూలం గోడలో కలిసే సందు దగ్గర, పిడికెడంత పిట్ట. ఒళ్లు బొగ్గు, తోక ఇటుక. గోడసందుల్లో గూడు కట్టే ఎర్రతోక పిట్టల జంట ఏటా మార్చిలో దక్షిణం నుంచి వచ్చి అక్కడే దిగుతుందట. ఆ పిట్ట పాట మధ్యలో గులకరాళ్లు నమిలినట్టు కరకరమంటుందట. ఆయన జీవితమంతా అడవుల ఫోటోలు తీసి బతికిన మనిషి. ఉద్యోగం ఆపేశాక తనకోసం మూడే పనులు పెట్టుకున్నాడు: దగ్గరి కొండల్లో కూలిన, బీచ్ అనే ఒక అడవిచెట్టు మొద్దును ఏటా ఒకసారి తీయడం, నదీతీరంలో ఒక రాయిని నెలకోసారి తీయడం, మా దూలాన్ని గూడు కాలమంతా రోజుకోసారి తీయడం. మొద్దుకు ఇరవై ఆరేళ్లు. మా దూలానికి పన్నెండేళ్లు, ఒక్క రోజు కూడా తప్పకుండా. సందు మీద వెలుగు పడేది ఆ పది నిమిషాలే. మరి వేసవిలో టైము ఎందుకు మార్చారని అడిగాను. "పిట్టలకు గడియారం జరపడం రాదు కదా," అన్నాడు. "ఇళ్లలోంచి కదలొద్దన్నాక నాకు మిగిలింది మీ దూలం ఒక్కటే."

అట్టలు తిప్పుతూ ఏప్రిల్ దాకా వచ్చాను. అక్కడ ఒక అట్ట మీద ఫోటో లేదు. తేదీ మాత్రమే ఉంది. మా పాప పుట్టినరోజు మర్నాటి తేదీ.

"ఆ రోజు కెమెరా పనిచేయలేదు," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. "పసుపు జాకెట్ల వాళ్లు వచ్చినప్పుడు కూడా అదే చెప్పాను. ఆ దూలం మీద పిట్టలు తప్ప నేనేమీ తీయనని చూపించాను."

ఆ క్లిక్కును నా చెవులతో విన్నాను. పన్నెండేళ్ల వరసలో మొదటి ఖాళీ మా కోసం ఆయన తన చేత్తో చేసుకున్నది. ఆ తర్వాత వారానికి మళ్లీ కొన్ని ఖాళీలు, అక్కణ్ణుంచి అట్టల మీద వట్టి దూలం, దాని పక్కన ఒక నాలుక. రెండు కళ్లు ముందుకు పెట్టుకున్న ఏ మొహమైనా పిట్టలకు గుడ్లగూబేనని ఆయన మెల్లగా చెప్పాడు. నింద లేదు, వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు.

అక్కడికక్కడే ఒప్పేసుకున్నాను. "హెర్ బ్రాయ్‌నిగ్, అది మతం కాదు. మీ కెమెరాకు భయపడి కట్టాం. గూడు కూడా నేనే ఊడ్చేశాను." ఆయన ఒక క్షణం నన్ను చూసి, మాస్కు గడ్డం కిందికి జారేంతగా నవ్వాడు. "పిట్టల్ని బెదిరించకుండా నిలబడటం నలభై ఏళ్లు నేర్చుకున్నాను. మనుషుల సంగతి మరిచిపోయాను," అన్నాడు. ఆ సాయంత్రమే బొమ్మ సూట్‌కేసులోకి వెళ్లింది. పిట్టలు మాత్రం ఆ ఏడాది తిరిగి రాలేదు.

ఆ చలికాలం ఆయన నాకు గురువయ్యాడు. బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో ఫ్లాస్కు. ఊరు దాటి పదిహేను కిలోమీటర్లు మించి వెళ్లకూడదన్న రోజులు. ఆయన మొద్దు అంతకంటే దూరం, ఆ ఏడాది దాని ఫోటో లేదు. ఒకరోజు పియర్ చెట్టును చూపించి "ఏం కనిపిస్తోంది?" అన్నాడు.

"చెట్టు."

"రేపు రండి."

మర్నాడు "ఆకులు లేని చెట్టు" అన్నాను. రేపు రండి. ఇలా తొమ్మిది రోజులు నడిచింది (నేను బయట చెప్పేటప్పుడు నలభై). తొమ్మిదో రోజు ఒక కొమ్మ మీద మాత్రం ఎండుటాకులు ఇంకా వేలాడుతున్నాయని గమనించాను. పాపం గట్టి కొమ్మ, చలికి లొంగలేదు అన్నాను.

"అది ఎండాకాలంలోనే చచ్చిపోయింది," అన్నాడాయన. "ఆకు రాల్చడం కూడా బతికున్న కొమ్మ చేసే పనే. మొదటి చూపును అనుమానించండి. మనం ముందే అనుకున్నదాన్నే అది చూపిస్తుంది. నా కెమెరా కూడా అంతే. అందుకే రోజూ వెళ్లి మళ్లీ అడుగుతాను."

ఎదుటివాళ్లను అనుమానించడంలో నేను అప్పటికే పండితుణ్ణి. నా కళ్లనే అనుమానించాలని చెప్పిన మొదటి మనిషి ఆయన. మార్చి వచ్చింది. ఏడూ పదికి ఆయన తన బాల్కనీలో, నేను నా బాల్కనీలో, మధ్యలో ఖాళీ దూలం. ఏప్రిల్, మే. పిట్టలు రాలేదు. ఆయన ఖాళీ దూలాన్నే రోజూ తీశాడు. లేకపోవడం కూడా లెక్కేనట. ఆకులు రాలే కాలానికి తుంటి నొప్పి ముదిరి, మెట్లు ఎక్కలేక, వృద్ధుల నివాసానికి మారాడు. వెళ్తూ మా దూలం సొరుగునూ, కెమెరానూ, మూడుకాళ్ల స్టాండునూ నా చేతిలో పెట్టాడు. ఖాళీ అట్టలు ఇంకో కట్ట ఉన్నాయి. "వస్తే చెప్పండి," అన్నాడు, అంతే. ఆ తర్వాతి వసంతాలు నేను చెప్పడానికి ఏమీ లేకుండానే గడిచాయి. పోయిన శీతాకాలం నల్ల అంచు కవరు వచ్చింది. ఈ దేశంలో చావు కబురు అలాగే వస్తుంది.

అందుకే ఈ పొద్దున ఆ కరకర విన్నాక నేను చేయకూడని పని చేశాను. ఈ దేశంలో పొద్దున ఏడింటికి, ముక్కూ మొహం తెలియనివాళ్ల గంట కొట్టాను. ఒకప్పుడు తాత ఉన్న ఆ ఎదురింట్లో ఇప్పుడు యూనివర్సిటీలో చదివే ఒకమ్మాయి ఉంటోంది. తలుపు నాలుగు వేళ్లంత తెరుచుకుంది.

"మీ బాల్కనీ నుంచి నా బాల్కనీని ఒక్క ఫోటో తీసుకోవాలి."

నన్నూ, సొరకాయనూ, స్టాండునూ ఆమె పైనుంచి కిందికి చూసింది. ఆ చూపును నేను వెంటనే గుర్తుపట్టాను. ఒకప్పుడు అది మా ఇంటి తెర వెనక ఉండేది. చివరికి లోపలికి రానిచ్చింది కానీ, నేను తీసినంతసేపూ నా వెనకే, ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడింది. బాల్కనీ చెక్కలో స్టాండు కాళ్లు ఏళ్ల తరబడి చేసిన మూడు గుంటలున్నాయి. కాళ్లు వాటిలో దిగిపోయాయి. పది నిమిషాలు. దూలం మీద ఇటుక తోక వణికింది. క్లిక్.

ఇప్పుడు కల్పించిన సంగతి. ఆయన ఎత్తు పెంచాను, నాలుకను మోకాళ్ల దాకా సాగదీశాను, అవి మీరు ఎలాగూ భాగించుకుని ఉంటారు. నేను ఒప్పుకోవడం, ఆయన మాస్కు జారేలా నవ్వడం, ఆ మంచి మాట అనడం, ఏవీ జరగలేదు. ఆ రోజు పార్సెల్ చంకలో పెట్టుకుని "డాంకె" అని ఒక్క థాంక్స్ చెప్పి వచ్చేశాను. బొమ్మ విప్పేసి, మర్నాడు "మా పూజారిని ఫోన్‌లో అడిగాను, ముందే తీయొచ్చన్నాడు" అని ఇంకో అబద్ధం చెప్పాను. ఆయన తలూపి, "మీ పూజారికి నా కృతజ్ఞతలు చెప్పండి," అన్నాడు. నమ్మాడా, అంతా తెలిసే అన్నాడా? బెంచీ మీద ఒక చలికాలమంతా పక్కన కూర్చుని కూడా అడగలేకపోయాను. నా దగ్గర మిగిలిన అనుమానం ఇదొక్కటే.

సాయంత్రం ఫోటోను అట్టకు అంటించాను. ముందువైపు తేదీ వేసి, వెనకవైపు, వచ్చిన జర్మన్‌లో, ఒక వాక్యం రాశాను: అది మా మతం కాదు, మా భయం. సొరుగులో, మా పాప పుట్టినరోజు మర్నాటి ఖాళీ అట్ట పక్కనే పెట్టాను. తేదీల వరస తప్పింది. తప్పనీ.